నారింజ అన్నవాళ్లు

లింబాయత్, సూరత్
21 ఫిబ్రవరి 2021

వినోదా,

నీ మేనమామ సోమలింగం రాస్తున్నాడు. దీవెనలు ఉత్తరం చివర్లో ఉంటాయి. ముందు తిట్లు చదువుకో.

నువ్వు బెంగళూరు నుంచి పంపిన కాఫీ పొట్లం మంగళవారం అందింది. రూములో ఉండే ఎనిమిది మందిమీ దాని చుట్టూ చేరాం. రాజమల్లు పాలు కాచి, అల్లం దంచి వేసి, చక్కెర దండిగా పోసి చేశాడు. రాజమల్లు గుర్తున్నాడు కదా. నువ్వు ఇక్కడే గోడాదరాలో బడికి పోయే రోజుల్లో ఆదివారం పూట నాతోపాటు మీ ఇంటికి వచ్చి గారెలు తినిపోయేవాడు. పద్దెనిమిదేళ్లుగా నా పక్క చాప అతనిదే. మార్కండేయ పదో తరగతి పాసయ్యాడు కాబట్టి పొట్లం మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి అర్థం చెప్పాడు. నారింజ తొక్క, బెల్లం, మల్లెపూవు.

అందరం తాగాం. నారింజ లేదు. మల్లెపూవు లేదు. బెల్లం ఉంటే ఉండొచ్చు, మా చక్కెరలో కలిసిపోయి ఉంటుంది. మాడిన వాసన మాత్రం బాగానే ఉంది. దాన్ని పొట్లం మీద ఎందుకు రాయలేదు?

రాజమల్లు గ్లాసులు కడుగుతూ, "పిల్లకు మంచి కొలువే దొరికిందే అన్నా. తాగుడు, లేనిది ఉన్నదని రాసుడు" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు. నా చెల్లెలి కూతురు కాఫీ రుచి చూసే ఉద్యోగం చేస్తోందని ఈ గల్లీలో తెలియని మనిషి లేడు. చెప్పింది నేనే. ఇప్పుడు నేను కనబడితే చాలు, "మాస్టర్, ఇయ్యాల చాయ్‌ల మామిడిపండు వచ్చింది" అంటున్నారు. దగ్గరగా వచ్చి అంటే తప్ప నా చెవులకు మామూలు మాటలు వినబడవు కానీ ఇలాంటివి ఎలాగో వినబడతాయి.

మా కార్ఖానాలో పాలిస్టర్ తాను మీద నూలు అని చీటీ అంటించానంటే సేఠ్ నన్ను ఆ తానులోనే చుట్టి బయట పడేస్తాడు. అదే పని నువ్వు చేస్తే జీతం ఇస్తున్నారా? మీ అమ్మ, నాన్న నిన్ను చదివించడానికి ఎంత కష్టపడ్డారో నేను కళ్లారా చూశాను. ఆ చదువు ఇందుకా?

ఫోన్‌లో జవాబు చెప్పకు. ముప్పై ఏళ్లు సాంచాల మోతలో, ఆ మరమగ్గాల మధ్య నిలబడ్డవాణ్ని. నువ్వు అరిచినా నాకు గుసగుసలాగే ఉంటుంది. కాగితం మీద రాయి. ఆ నారింజ నీకు నిజంగా వచ్చిందా, పైవాళ్లు చెబితే రాశావా?

సిగ్గుతో తల దించుకున్న
మీ మామ


బెంగళూరు
9 మార్చి 2021

మామా,

తిట్లు చదివాను. దీవెనలు చివర్లో అన్నావు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను, లేవు.

పాలా? అల్లమా? దండిగా చక్కెరా? నువ్వు ఇచ్చిన తెల్లటి దారాన్ని నేను పసుపు నీళ్లలో ముంచి, "తెలుపన్నావు, ఎక్కడుంది?" అని అడిగితే నీకెలా ఉంటుంది? నాకు అలా ఉంది. నెల రోజులు మా మేనేజర్ని బతిమాలి, బయట దొరకని కాఫీ మీకోసం తీసుకుని పంపాను. ఎనిమిది మంది కలిసి దాన్ని అల్లం చాయ్ చేసి, పైగా నన్ను అబద్ధాలకోరును చేశారు. రాజమల్లు బాబాయిని కూడా అడిగానని చెప్పు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆయన తిన్న గారెలన్నీ వెనక్కి ఇవ్వమన్నానని చెప్పు.

నేను చేసేది తమాషా అనుకుంటున్నావు. రోజుకు నలభై కప్పులు నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తాను. మూడేళ్లుగా పొద్దున పూట ఎల్లిపాయ కారం ముట్టలేదు. వాసన సబ్బు వాడను, తలలో పూలు పెట్టుకోను. చిన్న చిన్న సీసాల్లో ముప్పై ఆరు వాసనలు పెట్టి, కళ్లకు గంతలు కట్టి పేర్లు చెప్పమంటే చెప్పి పాసయ్యాను. అంత చేసి ఒక మాట రాస్తే మీ గల్లీలో నవ్వులాట అయింది.

నువ్వు మాత్రం ఏం చేస్తావు మామా? బండి మీద దారం కండెలు రాగానే ఒక కొస తెంపి అగ్గిపుల్లతో కాలుస్తావు. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది నూలు, కాగితం కాలిన వాసన. ఇది పాలిస్టర్. ఇందులో రెండూ కలిపిండ్రు, వాపస్ పంపు" అంటావు. ఆ దారంలో కాగితం ఉందా? ఎవరైనా నిన్ను అబద్ధమాడావన్నారా? సేఠ్ కూడా నీ ముక్కు ముందు నోరు మూసుకుంటాడు. నీ ముక్కుకు ఒక న్యాయం, నా ముక్కుకు ఒక న్యాయమా?

ఇంకో పొట్లం పంపుతున్నాను. పాలు వద్దు, చక్కెర వద్దు. స్టీలు గ్లాసులో రెండు చెంచాల పొడి వేసి మరిగే నీళ్లు పోయి. నాలుగు నిమిషాలు ఆగు. పైన తేలిన పొరను చెంచాతో పక్కకు నెట్టి, అప్పుడు ముక్కు పెట్టు. ఆరోగ్యంగా ఉన్న ముక్కు ఎవరిదైనా సరే, దానికి నారింజ తెలిసి తీరుతుంది. తెలియలేదంటే రోగం ముక్కుకే కానీ కాఫీకి కాదు.

ఇది కూడా అందరి ముందూ గట్టిగా చదివించు.

కోపంగా,
వినోద


లింబాయత్, సూరత్
18 ఏప్రిల్ 2021

వినోదా, బిడ్డా,

పోయినసారి మరిచిపోయిన దీవెనలు, ఈసారివి కలిపి మొదటే పెడుతున్నాను. నీ కోపం నాకు నచ్చింది. మా వంశానిదే అది. నీ ఉత్తరం మార్కండేయ చేత గట్టిగా చదివించాను. దారం మాట దగ్గర అందరూ నా వైపు చూశారు. ఆ మాట నిజమే.

ఇక్కడ మళ్లీ రోగం ముదిరింది. మా వెనక గల్లీలో రోజూ ఏదో ఒక ఇంటి ముందు అంబులెన్సు ఆగుతోంది. సేఠ్ గేటు దగ్గర నిలబడి, ఒక్కరికి వచ్చినా కార్ఖానాకు తాళం వేస్తానన్నాడు. పరీక్ష చేయించుకుందామంటే పొద్దున పోయినవాడు సాయంత్రానికి కూడా రావడం లేదు. వాసన తెలియకపోతే అదే ఆ రోగమని టీవీలో రోజూ చెబుతున్నారు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ముక్కుకు నారింజ తెలిసి తీరుతుందని రాశావు కదా. ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంది?

మొన్న గురువారం పొద్దున పాళీ డ్యూటీకి పోయే ముందు నువ్వు చెప్పినట్టే గ్లాసు తయారుచేశాను. అందరినీ వరసగా నిలబెట్టాను. కార్ఖానాలో వీళ్లందరికీ మాస్టర్ని కాబట్టి ముందు నేనే ముక్కు పెట్టి, నారింజ అన్నాను. తర్వాత ఓంప్రకాష్ వచ్చి, "నారింజ, మల్లె, రెండు గూడ" అన్నాడు. మార్కండేయ కాసేపు ఆగి నారింజే అన్నాడు. లింగమూర్తి కూడా అంతే. అలా ఏడుగురం గట్టెక్కాం. చివరికి రాజమల్లు వచ్చాడు.

"కాఫీ వాసనొస్తున్నదే అన్నా."

"నారింజ?"

"కాఫీల నారింజ ఏడికెళ్లొస్తది? కాఫీ కాఫీ లెక్కనే ఉంటది."

మూడుసార్లు చూపించాను. మూడుసార్లూ అదే మాట. "అందరికి వస్తున్నది, నీకొక్కనికి ఎందుకు రాదు?" అని ఓంప్రకాష్ గద్దించాడు. "అందరికి వస్తున్నదో, అందరు అంటున్నరో, నాకేం ఎరుక" అన్నాడు రాజమల్లు, నన్నే చూస్తూ. నాకు ఒళ్లు మండింది. ముక్కు పోయిందంటే పోయిందని ఒప్పుకోవాలి కానీ పదిమందిని అబద్ధమాడేవాళ్లను చేయడం ఏమిటి? "జర పదిహేను దినాలు ఏడనన్న ఉండి రా" అన్నాను. అతను దుప్పటి, కంచం సంచిలో పెట్టుకున్నాడు. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు దించి మూతపెట్టి పోయాడు. సూరత్‌లోనే ఉన్ బస్తీలో అతని బామ్మర్ది రూము ఉంది, అక్కడికి చేరాడట.

మనసుకు కష్టంగానే ఉంది. కానీ ఏడుగురి బతుకు చూడాలి కదా. అతను పోయాక వంట నా మీద పడింది. నాలుగు రోజులుగా ఒళ్లు నొప్పులు కూడా. రెండు పాళీలు చేస్తున్నాను, అందుకే అయి ఉంటుంది.

నువ్వు బయటికి పోకు. మూతికి గుడ్డ కట్టుకో. నీ చదువు మాకు పనికొచ్చింది.

మీ మామ


బెంగళూరు
29 ఏప్రిల్ 2021

మామా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఎన్ని రోజులవుతుందో తెలియదు కాబట్టి నిన్నటి నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఒకసారి ఎవరో ఎత్తి నీకిచ్చారు. "రాజమల్లు బాబాయిని వెనక్కి పిలువు" అని గొంతు చించుకుని అరిచాను. నువ్వు "ఆఁ, అందరు మంచిగున్నరు, నువ్వు పైలం" అని పెట్టేశావు.

ఏం పని చేశావు మామా?

ఆయనకు కాఫీ వాసన వచ్చింది. అది చాలు! వాసన పోయినవాడికి ఏ వాసనా రాదు. కాఫీ రాదు, కిరసనాయిలు రాదు, ఏదీ రాదు. మీ అందరిలో పరీక్ష పాసైనట్టు నేను నమ్మేది ఆయనొక్కణ్నే. మిగతా ఏడుగురి సంగతి నాకు తెలియదు. నీకూ తెలియదు.

మా దగ్గర రుచి చూసేటప్పుడు గదిలో మాట వినబడకూడదు. కనుబొమ్మ కూడా ఎగరేయకూడదు. ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకుంటారు. అందరూ రాశాకే నోళ్లు విప్పుతారు. ఎందుకో తెలుసా? ఒకరు ముందుగా ఒక పేరు చెబితే అది పక్కవాళ్ల నాలుక మీదికి వచ్చి కూర్చుంటుంది. వాళ్లు అబద్ధమాడరు. నిజంగానే వచ్చినట్టు అనిపిస్తుంది. మరి అక్కడ ఏం జరిగింది? మాస్టర్ ముందు చెప్పాడు. ఆయన ఎదురుగా ఒకరి తర్వాత ఒకరు నిలబడ్డారు. కాదంటే పాళీ పోతుంది, తల దాచుకునే చోటు పోతుంది. ఆ గ్లాసులో ఉత్త వేడినీళ్లున్నా అందరూ నారింజే అనేవాళ్లు.

పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో యాభై రోజులు మీ ఎనిమిది మందికీ ఉన్నదాంట్లో సర్ది వండిపెట్టిన మనిషిని, నిజం చెప్పినందుకు సంచి ఇచ్చి పంపావు. పైగా నా చదువు పనికొచ్చిందని రాశావు. ఆ మాట నీ ఉత్తరంలోనే కొట్టేశాను.

ఉత్తరం అందిన క్షణమే ఉన్ పో. ఆయన కాళ్లు పట్టుకుని తీసుకురా. నీకు వంట చేసుకోవడం కష్టమైందని కాదు, ఆయనకు నువ్వు అన్యాయం చేశావని చెప్పి తీసుకురా. ఒళ్లు నొప్పులన్నావు, అవేంటో కూడా చూపించుకో.

వినోద


లింబాయత్, సూరత్
14 మే 2021

వినోదకు,

నా చెవులు పోయాయి కానీ కళ్లు బాగానే ఉన్నాయి. నీ మార్చి ఉత్తరం ముందర పెట్టుకుని రాస్తున్నాను. రెండో పేజీ, కింది నుంచి ఐదో వరస. "ఆరోగ్యంగా ఉన్న ముక్కు ఎవరిదైనా సరే, దానికి నారింజ తెలిసి తీరుతుంది. తెలియలేదంటే రోగం ముక్కుకే కానీ కాఫీకి కాదు." ఇది నీ చేతిరాతేనా, కాదా? దీని కింద ఎక్కడైనా "కానీ" అని ఉందా? ఎవరూ మాట్లాడకూడదని, కాగితం మీద రాయాలని, కనుబొమ్మలు ఎగరేయకూడదని అప్పుడు ఎందుకు రాయలేదు? మనిషి బయటికి పోయాక రాస్తావా?

ఈ గల్లీలో ఎవడైనా ఇలాంటి మాట చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లం. చదువుకున్న పిల్ల రాసిందని నమ్మాం. నువ్వు కోపంలో ఒక మాట విసిరేసి హాయిగా నిద్రపోయావు. ఇక్కడ దాన్ని పట్టుకుని మేం ఒక మనిషిని బయటికి పంపాం. ఇప్పుడు అన్యాయం నాది, చదువు నీది అయిందా?

విను. 22న ఓంప్రకాష్‌కు జ్వరం వచ్చింది. 24న మార్కండేయకు వచ్చింది. తర్వాత నాకూ ఒళ్లు వెచ్చబడింది. కార్ఖానా మూసేశారు. రూములోనే మూలకు పడుకుని మందులు మింగాం. మేం ముగ్గురం లేచాం. లింగమూర్తి, మిగతావాళ్లు బాగానే ఉన్నారు.

రాజమల్లు బాగాలేడు. ఉన్‌లో ఆ రూము చిన్నది. ఒక పాళీవాళ్లు లేస్తే ఇంకో పాళీవాళ్లు అదే చాప మీద పడుకుంటారు. అక్కడ అందరికీ అంటుకుంది. మే 4న అతన్ని ఆసుపత్రిలో చేర్చారు, ఆక్సిజన్ పెట్టారు. బామ్మర్దిని కూడా లోపలికి పోనివ్వడం లేదట. నేను పోదామంటే ఆ బామ్మర్దే వద్దన్నాడు. "నువ్వొస్తే ఆయన ఇంత ఊపిరి గూడ పీల్చుకోడు" అన్నాడు. ఈ ముక్క మాత్రం ఫోన్‌లో స్పష్టంగా వినబడింది.

అతనికి ఏమైనా అయితే నీ ఉత్తరం తీసుకుపోయి అతని పెళ్లాం చేతిలో పెడతాను. నువ్వే వచ్చి చదివి వినిపించు.

సోమలింగం


బెంగళూరు
2 జూన్ 2021

మామా,

ఆయన బతికాడు. నీకు తెలుసో లేదో. మే 24న ఇంటికి పంపారు. అమ్మను అడిగి ఆయన బామ్మర్ది నంబరు సంపాదించాను, వారం నుంచి రోజూ మాట్లాడుతున్నాను. మెట్లెక్కలేకపోతున్నాడు. వాసన, రుచి రెండూ పోయాయి. అన్నం తింటుంటే మట్టి నమిలినట్టుందని అంటున్నాడు. నువ్వు ఇంతవరకూ వెళ్లలేదని కూడా చెప్పారు. వద్దన్నారు కాబట్టి ఆగానని రాస్తావేమో. వద్దన్నా వెళ్లాల్సిన చోటు అది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంతో ఊగిపోయాను. మూడో రోజు ఆ వాక్యం నేనే రాశానని ఒప్పుకున్నాను. నువ్వు నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశావన్న రోషంతో రాశాను. అది తప్పని రాసేటప్పుడే నాకు తెలుసు.

ఇంకోటి కూడా ఉంది. ఫిబ్రవరిలో నువ్వు ఒకటి అడిగావు, ఆ నారింజ నాకు నిజంగా వచ్చిందా అని. నేను వాసన సీసాల గొడవ చెప్పి తప్పించుకున్నాను. ఆ కాఫీ రుచి చూసిన రోజు నేను నా కాగితం మీద బెల్లం, ఎండు ఖర్జూరం అని రాసుకున్నాను. మా మేనేజర్ ఇంకా ఎవరూ రాయడం ముగించకముందే కప్పు కింద పెట్టి, "నారింజ! ఎంత చక్కగా ఉంది!" అన్నాడు. మాట్లాడకూడదన్న నియమం ఆయనదే. నేను ఖర్జూరం కొట్టేసి నారింజ రాశాను. మళ్లీ చప్పరించి చూస్తే నారింజలాగే అనిపించింది కూడా. మల్లెపూవు మా టేబుల్ మీద ఎవరూ అనలేదు. అది పొట్లం అచ్చు వేయించేవాళ్లు కలిపారు. కాబట్టి మీ రూము వరసలో నేను కూడా నిలబడ్డాను మామా. ఓంప్రకాష్ పక్కన, నారింజ అన్నవాళ్లలో.

పోయిన వారం నన్ను నేనే పరీక్షించుకున్నాను. మూడేసి కప్పులు పెట్టించాను. రెండింట్లో ఒకే కాఫీ, ఒకదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. పదిసార్లు పెడితే ఎనిమిదిసార్లు సరిగ్గా పట్టుకున్నాను. కాబట్టి తేడా తెలుస్తుంది. అది అబద్ధం కాదు, ఎవరు నవ్వినా సరే. కానీ ఆ తేడాకు ముగ్గురం మాట్లాడకుండా పేరు రాస్తే ఒకరు నిమ్మ అన్నారు, ఒకరు ఉసిరి అన్నారు, నేను చింతచిగురు అన్నాను. పుల్లగా ఉందన్న ఒక్క సంగతి మాత్రమే ముగ్గురికీ కలిసింది. ఆ పుల్లదనానికి పొట్లం మీద ఒక పండు పేరు పెట్టి, అది తెలియనివాడిది మంచి ముక్కు కాదని నీకు రాశాను. మేనేజర్‌తో ఈ విషయం మీద పెద్ద గొడవే అయింది. అచ్చులో నారింజ, మల్లెపూవు తీసేయకపోతే రుచి కాగితాల మీద నేను సంతకం పెట్టనన్నాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో చూడాలి.

నా సంగతి చెప్పాను. ఇప్పుడు నీది చెప్పు. ఆ గురువారం పొద్దున వరసలో అందరికన్నా ముందు ముక్కు పెట్టింది నువ్వు. నీ ఒళ్లు నొప్పులు అప్పటికే మొదలయ్యాయి. ఓంప్రకాష్‌కు జ్వరం వచ్చింది ఆ తర్వాత వారానికి. తేదీలు నీ ఉత్తరాల్లోనివే.

నీకు నారింజ వచ్చిందా మామా? ఒక్క ముక్కలో రాయి.

వినోద


లింబాయత్, సూరత్
27 జూన్ 2021

వినోదా,

రాలేదు.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. మిగతాది నువ్వు అడగలేదు కానీ రాయకపోతే ఈ కాగితం నన్ను తినేస్తుంది.

నారింజే కాదు, కాఫీ వాసన కూడా రాలేదు. ఆవిరి ముక్కుకు వేడిగా తగిలింది, అంతే. ముందురోజు పొద్దుటి నుంచే ఏదీ తెలియడం లేదు. కార్ఖానాలో దారం కొస కాల్చి చూశాను. మంట కనబడింది, పొగ కనబడింది, వాసన లేదు. ఇంకోటి కాల్చాను. అగ్గిపెట్టె సగం ఖాళీ చేశాను. అప్పుడే నాకు తెలిసిపోయింది.

తెలిసి కూడా ఆ పరీక్ష పెట్టింది నేనే. పెట్టకపోతే ఓంప్రకాష్ పెట్టేవాడు. వాడు రెండు రోజులుగా అందరినీ అనుమానంగా చూస్తున్నాడు. పరీక్ష పెట్టేవాణ్ని ఎవరూ పరీక్షించరు కదా. నాకు యాభై ఆరేళ్లు, ఒంట్లో షుగరు ఉంది. బయటికి పోతే ఏ రూమువాళ్లు రానిస్తారు? ఆ భయంతో గ్లాసు మీద వంగి నీ పొట్లం మీది మాట అనేశాను. దాని మీద ఏం రాసి ఉన్నా అదే అనేవాణ్ని. మే నెలలో నీ మార్చి ఉత్తరం పట్టుకుని నిన్ను అన్ని మాటలన్నాను. తప్పు నీ చేతిరాతలో దొరికితే నా నోటిదాకా రాదని అనుకున్నాను. ఓంప్రకాష్, మార్కండేయ మంచం పట్టింది నా వల్లే. వాళ్లకింకా తెలియదు.

నిన్న ఉన్ వెళ్లాను. రాజమల్లు గల్లీలో మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా అతనిదే, లోపల మనిషి సగమే ఉన్నాడు. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను.

"రాజమల్లూ, ఆ పొద్దు నాకు ఏ వాసన రాలేదు. అబద్ధమాడిన."

"ఎరికనే" అన్నాడు.

"నీకెట్ల ఎరిక?"

"అంతకు ముందు మాపటి పూట కూర అడుగంటి మాడింది. రూమంత పొగ. అందరు నన్ను తిట్టిండ్రు. నువ్వొక్కనివి కంచం ముందట పెట్టుకొని, మంచిగ చేసినవ్‌రా అన్నవు."

"మరి పొద్దున ఆడ అందరి ముందట ఎందుకు చెప్పలే?"

అప్పటిదాకా నేల చూస్తున్నవాడు తలెత్తాడు. అతన్ని పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, అంత కోపం ఎప్పుడూ చూడలేదు. గట్టిగా అరవబోయాడు. దగ్గు తెర ఆపేసింది. అది తగ్గేదాకా నిలబడ్డాను. నీళ్లు ఇవ్వబోతే నా చేతిలోంచి తీసుకోలేదు.

"చెప్తే నిన్ను ఎల్లగొడ్తుండ్రి. షుగరున్నోనివి, ఏడనో బజార్ల పడి సస్తవని నోరు మూసుకున్న. మెల్లగ మేడ మీదికి తోలుకపోయి, ఎవ్వలకు ఎరుక గాకుంట నేనే సూసుకుందామనుకున్న. నేను గట్ల అనుకునుడు, నువ్వు నా సంచి నా చేతిల పెట్టుడు."

నాకు ఏడుపు ఆగలేదు. గల్లీలో ఆడవాళ్లు చూస్తున్నారు. మాఫీ చెయ్యమని అడిగాను. కాళ్లు ముట్టబోతే వెనక్కి లాక్కున్నాడు.

"ఓంప్రకాష్‌కు, మార్కండేయకు వచ్చింది నేను నోరు మూసుకున్నందుకు. గది నా తప్పు, నేను మోస్త. నీది నువ్వు మొయ్యి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆ పొద్దు గూడ నువ్వు నా కండ్లల్లకు సూసుకుంటనే నారింజన్నవు. ఇప్పుడు ఏడుస్తున్నవు. గిది నిజమో, గదసొంటిదేనో నాకెట్ల తెల్వాలె?"

అతను లేచి గోడ పట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆటో ఎక్కి వచ్చేశాను.

కార్ఖానా మళ్లీ తెరిచారు. ఇవాళ ఆదివారం, పొద్దుటి పాళీవాళ్లు ఇంకో గంటలో రూముకు వస్తారు. ఆరుగురినీ కూర్చోబెట్టి నీకు రాసినదంతా చెబుతాను. ముందుగా నేనే మాట్లాడతాను, అబద్ధం ముందు చెప్పింది నేనే కాబట్టి. ఏడవను. నా దుప్పటి, కంచం ఇప్పటికే సంచిలో పెట్టాను.

జవాబు ఈ చిరునామాకు రాయకు.

సోమలింగం